ఛాతీలోకెక్కిన పొట్ట

మనవరాలిని ఐదో నెలలో కోడలి పుట్టిల్లు తాడేపల్లిగూడెం నుంచి మా ఊరు తీసుకొచ్చారు. మాది కొల్లేటి వార, చేపల చెరువుల మధ్య. కోడలు దెందులూరు స్కూల్లో టీచరు. సెలవు అయిపోవస్తోంది కాబట్టి ఇక పాపని చూసుకునేది నేనే. పిల్లలకి నీళ్ళు పోయడంలో, కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పాలు పట్టడంలో మా వీధిలో నాకు పేరుంది. ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

అంచేత, "అత్తయ్యగారూ, పడుకోబెడితే ఆయాసపడుతోందండి. మా అమ్మ భుజాన నిలబెట్టే పాలు పట్టేదండి" అని కోడలు అంటే నాకు ఒళ్ళు మండింది.

"గూడెంలో పిల్లలు నిలబడి తాగుతారేమో. ఇక్కడ పడుకునే తాగుతారు" అన్నాను.

పాప తాగిందంతా కక్కేది, దగ్గేది. నూనె రాసి పొట్ట నిమిరాను, దిష్టి తీశాను. ఊళ్ళో డాక్టరు రొమ్ము పట్టిందని రెండుసార్లు మందిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఏలూరు వెళ్దామండీ అని కోడలు అడిగితే, దగ్గొచ్చినప్పుడల్లా ఏలూరేమిటని కసిరాను. అలా నాలుగు రోజులు పోయాయి.

ఐదో రోజు పొద్దున్న నా కాళ్ళ మీదే పాలు తాగుతూ పాప పెదాలు నీలంగా అయిపోయాయి. కోడలు లాక్కుని భుజాన వేసుకుంది. కాసేపటికి రంగు తిరిగింది. ఏలూరు దాకా కారులో పాపని అలాగే నిలబెట్టి పట్టుకుంది. నేను పక్కన కూర్చుని పాప పెదాల రంగే చూస్తూ ఉన్నాను.

ఏలూరు ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రేలో ఛాతీ ఎడమ వైపు గాలీ నీరూ కనిపించాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో, సూదితో తీయాలేమో అనుకున్నారు. పిల్లల డాక్టరమ్మ మాత్రం ఆగమంది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి మళ్ళీ ఎక్స్‌రే తీయించింది. పొట్టలో ఉండాల్సిన గొట్టం కొస ఛాతీలో చుట్టుకుని ఉంది.

"ఛాతీకీ కడుపుకీ మధ్య కండరం పొర ఒకటి ఉంటుందండి. పాపకి అందులో పుట్టుకతోనే రంధ్రం ఉంది. జీర్ణాశయం అందులోంచి పైకెళ్ళి ఊపిరితిత్తిని నొక్కేస్తోంది. చాలా అరుదు" అంది.

"నావల్లేనా అమ్మా?"

"కాదండి, పుట్టుకతో వచ్చింది. పడుకోబెట్టి పట్టడంవల్ల ఇబ్బంది పెరిగి ఉంటుంది, అంతే."

ఆ రెండో మాటే నా చెవిలో మిగిలింది.

ఆపరేషన్ చేసి జీర్ణాశయాన్ని కిందికి దించి, రంధ్రం కుట్టేశారు. మూడు రోజులు పాపని ఊపిరాడించే మిషను మీద ఉంచారు. వరండాలో మా అబ్బాయి, ఇన్నాళ్ళెందుకు ఆగారని అరిచాడు.

"ఇద్దరం ఆగామండి" అంది కోడలు.

"అబద్ధంరా. తను వెళ్దామంది, నేనే ఆపాను" అన్నాను. వాడు నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. పాలు కొంచెం కొంచెంగా పట్టాలి, పట్టాక అరగంట నిలబెట్టి పట్టుకోవాలి. మళ్ళీ పైకి జారే వీలుంది కాబట్టి చెప్పినప్పుడల్లా ఎక్స్‌రేకి రావాలి, ఆయాసం వస్తే ఆ క్షణమే బయల్దేరాలి.

"మీరు స్కూలుకెళ్తే పాపని ఎవరు చూస్తారు?" అని కోడల్ని అడిగింది.

వాళ్ళమ్మని పిలిపించుకుంటుందనే అనుకున్నాను. పిలిపించుకున్నా కాదనే మొహం నాకు లేదు.

"మా అత్తయ్యగారేనండి" అంది కోడలు.

నాకు ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

"డాక్టరమ్మా, ఎలా పట్టుకోవాలో మళ్ళీ మొదటినుంచీ చెప్పండి" అన్నాను.