దానేలప్ప వినాలనుకున్న పేరు

2022లో నేను హోసూరు బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా చేరాను. చెవి ఎంతవరకు వింటుందో పరీక్షించడం, అవసరమైనవాళ్లకు హియరింగ్ ఎయిడ్ పెట్టి, వాళ్ల వినికిడికి తగినట్టు దాన్ని కంప్యూటరులో సరిచేయడం మా పని. మాది కృష్ణగిరి అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. హోసూరులో ఒక గది తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆదివారం బట్టలు ఉతికి ఆరేస్తే ఇక ఆ రోజుకు నాతో మాట్లాడేవాళ్లు ఉండరు.

ఆ వానాకాలంలో దానియేలు అనే పెద్దాయన వచ్చాడు. అందరూ దానేలప్ప అంటారు. ఇనుప రేకులను అచ్చులతో కొట్టే ప్రెస్ షాపులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. అలాంటి మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు సన్నని ధ్వనులు ముందుగా పోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లను సాధారణంగా కొడుకో కోడలో వెంటబెట్టుకుని వస్తారు. దానేలప్ప ఒక్కడే వచ్చాడు. భార్య సుందరమ్మ పోయి ఏడాది దాటింది, పిల్లలు లేరు.

ఎయిడ్ పెట్టాక నా మాటలు బాగానే అందుకున్నాడు. కొన్నాళ్లకే తిరిగి వచ్చి, ఈడ బాగుంది గానీ చర్చిలో ఏమీ తెలియడం లేదన్నాడు. సెట్టింగులు మార్చి పంపాను. మళ్లీ వచ్చి అదే మాట చెప్పాడు. అక్కడ ముఖ్యంగా ఏం వినాలనుకుంటున్నారని అడిగాను. చేతులు చూసుకుంటూ చెప్పాడు.

"బైబిలు వాక్యం పోతే పోనీమ్మా, ఇంట్లో చదువుకుంటాను. ప్రార్థనలో ఒకొక్కరి పేరు పెట్టి చెప్తారు. నా పేరు వస్తే మా ఇంటామె ఆడోళ్ల పక్క నుంచి నా దిక్కు చూసేది. ఇప్పుడు చెప్తావుండారో లేదో నాకు తెలీదు."

దానికి క్లినిక్‌లో కూర్చుంటే జవాబు దొరకదు. వచ్చే ఆదివారం నేనే వస్తానన్నాను.

బాగలూరు దారిలో గులాబీ తోటల మధ్య రేకుల కప్పు వేసిన చిన్న హాలు అది. చర్చి లోపలికి నేను వెళ్లడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడిపోయాను. చాపల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. దానేలప్ప వెనక గోడ దగ్గర తన చోటికి వెళ్లిపోయాడు. ఎస్తేరమ్మ అనే ఆమె "వందనాలమ్మా" అంటూ జరిగి నాకు చోటిచ్చింది. బదులు ఏమనాలో తెలియక చేతులు జోడించాను. ఆమె పాటల పుస్తకం నా ముందు తెరిచి, పాడుతున్న చరణం మీద వేలు పెట్టింది.

అయినా నేను అడుగడుగునా వెనకబడుతూనే ఉన్నాను. అందరూ లేచాక లేచాను, అందరూ కళ్లు మూసుకున్నాక మూసుకున్నాను. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే దానేలప్ప ముందున్న మనిషి భుజాలే చూస్తున్నాడు. ఆ భుజాలు లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. నాకు ఆ అవస్థ ఒక్క పూటది.

లోపం ఎక్కడుందో చెవికి తెలుస్తూనే ఉంది. స్పీకరు మాట రేకులకు తగిలి మారుమోగుతోంది. వెనక గోడ దగ్గర పెద్ద ఫ్యాను హోరు. ఎయిడ్ ఆ హోరును కూడా పెంచి చెవిలో పోస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లను లేచి పేరు చెప్పమన్నారు పాస్టరుగారు. పేరు చెప్పి, హోసూరులో ఒక్కదాన్నే ఉంటున్నానన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రార్థన. కొంత తెలుగు, కొంత తమిళం. ఒకామె మోకాలి ఆపరేషన్, ఒక పిల్ల పరీక్షలు. ఆపైన నా పేరు వచ్చింది. ఈ బిడ్డ ఊరుగాని ఊర్లో ఒంటరిగా ఉంది, తోడుండు దేవా అన్నారు. హోసూరు వచ్చాక నా పేరును అంత మెత్తగా ఎవరూ పలకలేదు. దానేలప్ప పేరు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ప్రార్థన ముగిసింది.

బయటికి రాగానే ఆయన అడిగింది అదే. "నా పేరు వచ్చిందామ్మా?"

అబద్ధం చెప్పడం తేలిక. కానీ చెవికి అందనిదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాల్సిన ఉద్యోగం నాది. ఆయనకు ఎదురుగా నిలబడి, రాలేదప్పా, నా పేరు మాత్రం చెప్పినారు అన్నాను.

"కొత్తగా వచ్చినావు కదా, చెప్పాల్సిందే" అన్నాడు. ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

దానేలప్ప ఒప్పుకున్నాక ఈ సంగతి పాస్టరుగారికి చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "ఎన్నోసార్లు అడిగినానమ్మా, ఏమన్నా ప్రార్థన చేయాల్నా అని. నవ్వి, బాగుండానయ్యా అంటాడు. వినపడకనే అట్ల అంటాడని మాకెవురికీ తెలీదు" అన్నారు. ఏమన్నారు, ఏమన్నారు అని అడిగి అడిగి అలసిపోయినవాళ్లు చివరికి నవ్వడం మొదలుపెడతారని చెప్పాను.

మరుసటి ఆదివారం క్లినిక్ నుంచి రిమోట్ మైక్ తీసుకెళ్లాను. మాట్లాడేవాళ్ల చొక్కాకు తగిలిస్తే గొంతు నేరుగా ఎయిడ్‌లోకి వచ్చే చిన్న పరికరం అది. పాస్టరుగారు తగిలించుకున్నారు. ప్రార్థన మధ్యలో "మా దానేలప్ప" అన్న మాట వచ్చింది. పెద్దాయన కళ్లు తెరిచి ఆడవాళ్ల పక్కకు చూశాడు. నేను ఆయన దిక్కే చూస్తున్నాను. కానీ ఆయన వెతికింది నన్ను కాదు.

తర్వాత ఎప్పుడో క్లినిక్‌కు వచ్చినప్పుడు, బ్యాటరీలు అయిపోయి ఉండాలే అన్నాను. అవి ఇంకా మొదటివే. ఆదివారం మాత్రమే పెట్టుకుంటున్నానని చెప్పాడు.

"ఇంట్లో తీసి పెడతానమ్మా. ఆడ ఎవురు మాట్లాడతారు?"

ఎయిడ్లు తుడిచి, చెవిలో దూరే అచ్చులు శుభ్రం చేసి ఇచ్చాను. ఉన్న శబ్దాన్ని చెవిదాకా తేవడం వరకే నా చదువు. లేనిదాన్ని తెచ్చే పరికరం మా దగ్గర లేదు.

అప్పటినుంచి ఎవరొచ్చినా పరీక్ష గదిలో కూర్చోబెట్టకముందే, మీరు ఎవరి మాట వినాలనుకుంటున్నారని అడుగుతాను. చాలామంది వెంటనే మనవడనో, భార్య అనో చెప్పేస్తారు. కొందరు చెప్పలేక ఆలోచనలో పడతారు. బయట ఎంతమంది వేచి ఉన్నా వాళ్లను తొందరపెట్టను.