లేసు అల్లికలో అంకశ్రేఢి

మా పక్కింటి లెక్కల టీచరుగారు పోయారని మొన్న ఉదయం సఖినేటిపల్లి రేవులో తెలిసింది. నర్సాపురంలో చుట్టాల పెళ్ళికి బయలుదేరి గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉన్నాను. పంటు వచ్చింది కానీ ఎక్కలేదు. వెనక్కి వచ్చేశాను.

ఆవిడ నాకు బళ్ళో చెప్పలేదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, పెళ్ళయ్యాక ఇంట్లో లేసు అల్లుకుంటూ ఉండేదాన్ని. అంగన్‌వాడీలో చేరాలంటే పది పాసవ్వాలన్నారు. మళ్ళీ పరీక్షకి కట్టాను. మిగతావి ఎలాగో చదువుకున్నాను గానీ, అంకశ్రేఢి దగ్గర ఆగిపోయాను. మూడో పదం పదిహేను, ఏడో పదం ముప్పై ఒకటి. మొదటి పదం ఎంత? పుస్తకం మూసేసి, చేతిలో అల్లికతోనే ఆవిడ గుమ్మం ఎక్కాను.

"ఇంక నా వల్ల కాదండీ టీచరుగారూ. మానేస్తానండి."

లెక్క ఏమిటో విన్నారు గానీ, ఆవిడ పుస్తకం అడగలేదు. అల్లిక చూశారు.

"ఈ గుండ్రం పెరగడానికి ఏం చేస్తావమ్మా?"

"వరసకి ఆరు కుట్లు పెంచుతానండి."

"ప్రతి వరసకీ ఆరేనా?"

"ఆయ్. ఎక్కువైతే ముడతలు పడిపోద్దండి. తక్కువైతే గిన్నెలా లేచిపోద్ది."

"అంకశ్రేఢి అంటే అదే కదమ్మా. సమంగా పెరగడం. నీ లెక్కలో పదాలు కూడా వరసలే అనుకో. మూడో వరస నించి ఏడో వరసకి ఎన్ని వరసలు అల్లేవు?"

"నాలుగండి."

"ఎంత పెరిగింది?"

పదిహేను నుంచి ముప్పై ఒకటికి పదహారు పెరిగింది. అంటే వరసకి నాలుగు. మూడో వరస నుంచి రెండు వరసలు వెనక్కి విప్పుకుంటూ పోతే ఎనిమిది తగ్గి ఏడు మిగిలింది. అదే మొదటి పదం. ఆవిడ చెప్పలేదు, నేనే చెప్పాను.

తప్పు చేస్తే ఆవిడ ఎప్పుడూ కొట్టేసేవారు కాదు. ఎంతవరకు సరిగ్గా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, "ఇక్కడిదాకా బాగుంది, ఇక్కణ్ణించి చూద్దాం" అనేవారు. ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలు అంకెలు తప్పు చెబితే నా నోటికీ ఆ మాటే వస్తుంది.

మా అత్తగారికి మొదట్లో ఇదంతా నచ్చలేదు. "ఈ వయసులో పరీక్షలేంటండీ, నలుగురూ నవ్వరా?" అని ఆవిడనే అడిగేశారు.

"నవ్వనివ్వండి వదినగారూ. పిల్ల పాసయ్యేక మనమూ నవ్వుదాం" అన్నారు టీచరుగారు.

అత్తగారు మర్నాటి నుంచి మధ్యాహ్నం గిన్నెలు తానే కడిగేవారు.

రాజోలులో లెక్కల పరీక్ష రోజు టీచరుగారు కూడా బస్సెక్కి వచ్చారు. నేను బయటికి వచ్చేదాకా ఎండలో గొడుగేసుకుని నిలబడ్డారు. ఎలా రాశావని అడగలేదు. "ముందు ఏవన్నా తిందాం పదమ్మా" అన్నారు.

ఫలితాలు తెలిసిన రోజు పరుగున వెళ్ళాను. ఆవిడ అరుగు మీద ఇంకో అమ్మాయికి లెక్క చెబుతున్నారు. "పాసయ్యేనండి" అన్నాను. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అలాగే నా తల మీద పెట్టారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే పాపిట పక్కన తెల్లటి వేళ్ళ గుర్తులు. ఆ సాయంత్రం తల దువ్వుకోలేదు.