గడ్డం చాటు చర్మం

చర్మవ్యాధుల డాక్టరమ్మను ఆసుపత్రిలో అందరూ భూతద్దం అంటారు. లిఫ్టులో పక్కవాళ్ల మెడ మీద పుట్టుమచ్చ కనబడితే చాలు, ఆమె కళ్లు అక్కడే అతుక్కుపోతాయి, దిగాల్సిన అంతస్తు దాటిపోతుంది. ఆ రోజు ఆమె ముందు కూర్చున్నది ఇళ్లకు రంగులు వేసే మనిషి. అతని ఊపిరితిత్తిలో నల్లటి కణితి ఉంది. మామూలుగా చర్మం మీద మచ్చలో మొదలయ్యే క్యాన్సరు అది. ఊపిరితిత్తిలోనే పుట్టడం బహు అరుదు. అక్కడే పుట్టినదైతే కోసి తీసేయవచ్చు, పాకి వచ్చినదైతే కోసినా పెద్దగా లాభం ఉండదు. మిగతా ఒళ్లంతా వెతికారు, చర్మమే మిగిలింది.

"జన్యు పరీక్షలో ఏదో తేలిందన్నారు కదమ్మా?" అన్నాడతను.

"ఒక మార్పు దొరికింది. ఎండ దెబ్బకి వచ్చే మార్పులు మాత్రం లేవు. అంటే చర్మం నుంచి పాకింది కాకపోవచ్చు, అది మంచి మాటే. అయినా నేను చూడాలి."

జుట్టు పాయలు విడదీసి, గోళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు అన్నీ చూసింది.

"పెళ్లయ్యాక నేనే ఇంతలా చూడలేదు," అని నవ్వింది అతని భార్య.

ఏమీ దొరకలేదు. అతను చొక్కా తొడుక్కున్నాడు.

"గడ్డం తీయించుకు రండి," అంది డాక్టరమ్మ.

"ఇది మా పెళ్లికి ముందుదండీ."

"గీయించుకోవయ్యా, ఆ మొహమేంటో నేనూ చూస్తాను," అంది భార్య.

అతను తిరిగొచ్చాక డాక్టరమ్మ చెవి కింద నుంచి గొంతు దాకా భూతద్దం జరుపుతూ పోయింది. భార్య ఇప్పుడు నవ్వడం లేదు.

"ఏమీ లేదు. ఆపరేషన్‌కి చెబుతాను."

భార్య ఆ తెల్లటి చెంప మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచేసింది.