తెల్లగుర్రానికి పెట్టని వాత

మా గుర్రం పొట్ట వాచిన రోజు నన్నెవరు ఏమన్నారో ఇంట్లో అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

మాది ఎల్లారెడ్డి. బాపు పోయాక ఆయన తెల్లగుర్రం మా అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది. అన్నకు కామారెడ్డిలో బ్యాండు మేళం ఉంది. ఊరేగింపులకు గుర్రానికి బేరం మాట్లాడేది ఆయన. గడ్డి వేసేది, కడిగేది, లద్దె ఎత్తేది నేను. జనం మాత్రం దాన్ని బ్యాండాయన గుర్రం అంటారు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

ఆ ఏడు పెళ్లిళ్లకు ముందు గుర్రం చిక్కిపోయింది. బొచ్చు మెరుపు తగ్గింది. తోక మొదలు గోడకేసి రుద్దుకునేది. లద్దెలో పురుగులు కనిపించాయి. కామారెడ్డిలో పశువుల మందుల దుకాణానికి వెళ్లి గుర్రాలకు పెట్టే పురుగుల మందు అడిగాను. అది పేస్టులా ఉంటుంది, గొట్టంతో నాలుక మీద వెనక్కి నొక్కాలి.

"ఇది పెడితే ఏమన్నా అయితదా సేటూ?"

"గుర్రానికేం గాదు. నువ్వు నాకితే మాత్రం చెప్పలేను."

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అప్పటినుంచి ఆ దుకాణం మెట్లెక్కలేదు. దాణా కూడా వేరే చోట కొంటున్నాను. కొంచెం దూరం, అయినా సరే.

గొట్టం పిడి మీద బరువు గుర్తులుంటాయి. గుర్రం ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచి, బరువు అంచనా కట్టి, ఆ గుర్తు దగ్గరే ఆపాను. మిగిలిన మందు గొట్టంలోనే ఉంది. మందుకు ముందు బెల్లంముక్క తినిపించమంది అవ్వ, అంటే మా అమ్మ.

"తీపికి పురుగులన్నీ ఒక్కకాడికొస్తయి బిడ్డా. అప్పుడు పెట్టు."

చిన్నప్పుడు మాకూ అలాగే పెట్టేది. తినిపించాను. గుర్రం కాదనలేదు.

మర్నాడు పొద్దున చూస్తే ముందుకాళ్ల మధ్య నుంచి బొడ్డు దాకా పొట్ట కింద వాపు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. దురదకు నిలవలేక గుంజకేసి ఒళ్లు రాసుకుంటోంది. మేత మాత్రం తింటోంది. కామారెడ్డి దగ్గర రాజంపేటలో పెళ్లి ఒప్పుకుని ఉంది, ఇంకా ఎన్నో రోజులు లేవు. అన్నకు ఫోన్ చేశాను.

ఆయన వచ్చేసరికి పొరుగువాళ్లు వాకిట్లో చేరారు. వాళ్ల ముందే అన్నాడు.

"గొట్టం మొత్తం పిండినవ్ గదరా. మందు గాదు, విషం పెట్టినవ్ బాపు గుర్రానికి."

"మొత్తం పెట్టలే అన్నా. గిదిగో, మిగిలింది చూడు."

చూడలేదు. గొట్టం నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"అవ్వా, పొయ్యిల కొడవలి పెట్టు" అన్నాడు.

పశువుకు వాపు వస్తే కొడవలి ఎర్రగా కాల్చి ఆ మేర వాతలు పెట్టడం మా వైపు పాత అలవాటు. బాపు ఎడ్లకు పెట్టేవాడు. దున్నే ఎద్దు ఒంటి మీద గీతలు ఎవరూ చూడరు. పెళ్లికొడుకు ఎక్కే తెల్లగుర్రం సంగతి వేరు. కాలినచోట బొచ్చు రాదు, నల్లటి గీత మిగులుతుంది. దాన్ని ఏ పెళ్లివారూ ఒప్పుకోరు. అదీ కాక, చెయ్యి తగిలితేనే వణుకుతున్న పొట్ట మీద కాల్చిన ఇనుము పెడతారా?

పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, నులకమంచం లాక్కొచ్చి కొట్టం తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"లెవ్వురా."

"లెవ్వ. డాక్టరమ్మ వచ్చి చెప్పినంక పెడితే పెట్టు."

"ఆమె వచ్చేసరికి గుర్రం పోతది."

"పోతే నా పేరు మీదనే పోతది. విషం పెట్టినోన్ని నేనే గదా."

"వీడు మొదటిసంది గింతే" అంది అవ్వ పొయ్యి దగ్గర నుంచి. "అన్న పెండ్లిల గూడ మూతి ముడుసుకొని కూసున్నడు."

"ఆ పెండ్లిల నాకు చాయ్ ఇయ్యలే అవ్వా."

పొరుగువాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నిజంగానే ఇవ్వలేదు.

కొడవలి ఎర్రబడింది, చల్లారింది, మళ్లీ పొయ్యిలోకి పోయింది. అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. వాపు నొక్కి చూసి, పొట్టకు స్టెతస్కోపు ఆనించి పేగుల చప్పుడు విని, మందు గొట్టం చూపించమంది. ఆ పొద్దున దాన్ని చేతిలోకి తీసుకున్న మొదటి మనిషి ఆమే.

"మోతాదు సరిగ్గనే ఉంది. ఈగలు కుట్టినప్పుడు సన్నటి పురుగులు ఒంట్లకు పోతయి. వాటి పిల్లలు పొట్ట తోలు కింద ఉంటయి. మందుకు అన్నీ ఒక్కపారే చచ్చినయి, అందుకే గిట్ల వాచి దురద పెడుతున్నది. కొన్ని గుర్రాలకు అయితది. కొన్ని దినాలల్ల తగ్గుతది."

"మరి వాతలు?" అన్నాడు అన్న.

"వాతలు పెడితే పుండు గూడ నేనే చూడాలె."

దురదకు సూది వేసి, తడిగుడ్డలు వేయమంది. పోతూ పోతూ నా వైపు తిరిగి, "మందు పెట్టేముందే నాకొక్క ఫోన్ చేస్తే ఏమైతుండె?" అంది. మంచి డాక్టరే. కానీ ఆ మాట అందరి ముందు అనాల్సింది కాదు.

అన్న కొడవలిని బకెట్లో ముంచాడు.

రోజూ తడిగుడ్డలు మార్చాను. వాపు మెల్లగా దిగింది. ఒక సాయంత్రం గుర్రం హాయిగా పడుకుని దుమ్ములో దొర్లింది. డాక్టరమ్మ ఇంకోసారి చూసి సరేనన్నాకే జీను కట్టాను.

రాజంపేటలో పెళ్లికొడుకు మేనమామ గుర్రం చుట్టూ తిరిగి, జరీ గుడ్డ ఎత్తి మరీ చూశాడు.

"మంచిగ చూసుకో పటేలా" అన్నాడు మా అన్న. "మచ్చ లేదు, గీత లేదు. పాల లెక్క ఉంటది. బాపు కాడి నుంచి అట్లనే కాపాడుకుంటున్న."

నేను కళ్లెం పట్టుకుని పక్కనే ఉన్నాను.

"కొడవలి ముచ్చట గూడ చెప్పు అన్నా."

మేనమామ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అన్న గుర్రం మెడ నిమిరి, చాయ్ పంచే మనిషిని కేకేశాడు.

"మొదలు మా తమ్మునికియ్యి."

తాగాను. చాయ్ బాగానే ఉంది. కానీ విషం అనే మాటను ఆయన ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. ఆ గొట్టం కొట్టం గూట్లోనే ఉంచాను. లోపలి మందు ఎండిపోయింది. ఎంత మిగిలిందో మాత్రం బయటికి తెలుస్తూనే ఉంది. ఆయన ఎప్పుడు చూస్తానంటే అప్పుడు చూపిస్తాను.