బాపు సభ్యత్వం

పార్టీ చరిత్ర రాస్తున్నామని, మా ఇంట్లో ఉన్న పాత మినిట్స్ పుస్తకాలు కావాలని జిల్లా కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే సరే అనలేదు. రెండు రోజులు ఆగి, ఆదివారం పొద్దున రమ్మన్నాను. అడగ్గానే ఇచ్చే అలవాటు మా ఇంట్లో ఒకప్పుడు ఉండేది. అందుకే ఇప్పుడు మట్టెవాడలో మా ఇంటి ముందు భాగం చెప్పుల దుకాణమైంది, వెనక రెండు గదులు నాకు మిగిలాయి.

ఆ చెప్పుల దుకాణం ఉన్నచోటే ఒకప్పుడు పార్టీ ఆఫీసు ఉండేది. అంతకు ముందు అది మా తాత కోర్టు కాగితాలు చూసుకునే కచేరీ గది. ఊళ్ళో కోటలాంటి గడి ఉన్నా, కోర్టు పనుల కోసం ఆయన వరంగల్‌లో కట్టించిన ఇల్లు ఇది. మా నాన్న, అంటే బాపు, ఆ గదిలోంచి తాత కుర్చీ తీసేయించి చాపలు పరిపించాడు. తన వంతు భూమిని దున్నుకునేవాళ్ళకే రాసిచ్చాడు. మిగిలినదాన్ని చిన్నాయనలు సినిమా హాలు కడతామని పోగొట్టారు. మా కుటుంబం సగం ఆదర్శం వల్ల చితికింది, సగం తెలివితక్కువతనం వల్ల. నేను మొదటి సగం గురించే చెప్పుకుంటాను.

పార్టీ ఎప్పుడూ చిన్నదే. పెద్ద పార్టీ నుంచి విడిపోయిన పార్టీలోంచి విడిపోయింది. బాపు ఉన్నప్పుడే రెండుసార్లు చీలింది, ఆ తర్వాత ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. చీలినప్పుడల్లా రెండు వైపులవాళ్ళూ అదే పేరు ఉంచుకుని, పక్కన బ్రాకెట్లో ఒక మాట చేర్చుకునేవారు. ఒకసారి సైక్లోస్టైల్ యంత్రం ఒక వర్గానికి, దాని సిరా రోలరు ఇంకో వర్గానికి పోయి, ఆర్నెల్ల పాటు ఎవరికీ కరపత్రం లేకుండా పోయింది. ఆ ఆర్నెల్లు వరంగల్ గోడలే వాళ్ళకు పత్రిక.

పార్టీలో ఒక నియమం ఉండేది. చేరినవాళ్ళు మొదట క్యాండిడేట్ సభ్యులు. అంటే మీటింగులో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. కూలీకి, పేద రైతుకు ఆ గడువు ఆరు నెలలు. చదువుకున్న ఉద్యోగికి ఏడాది. భూస్వామి ఇంట పుట్టినవాడికి రెండేళ్ళు. పార్టీ చీలితే కొత్త పార్టీలో గడువు మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలు. బాపుకు పంతొమ్మిది నెలలు నిండాక మొదటి చీలిక వచ్చింది. రెండోసారి ఏడాది నిండకముందే వచ్చింది. మూడోసారి ఇంకా నలభై రోజులుందనగా ఆయనే పోయాడు. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

మా నాయనమ్మ కూర్చునే గదికీ ఆఫీసుకూ మధ్య ఒక పరదా ఉండేది. నేను దాని వెనక నిలబడి మీటింగులు చూసేదాన్ని. బట్టల మిల్లు గురించి, ప్రపంచం గురించి ఒకే గొంతుతో వాదించుకునేవారు. బీడీ పొగ, తడి సిరా వాసన, మధ్యమధ్యలో హఠాత్తుగా నవ్వులు. ఓటింగు దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుడు "క్యాండిడేట్లు మినహా" అనేవాడు. చేతులు లేచేవి. బాపు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వెన్ను నిటారుగా ఉంచి కూర్చునేవాడు. నాయనమ్మ నా వెనకే నిలబడి, "తన ఇంట్ల తనకే మాట లేకపాయె" అనేది. ఆమె మీద నాకు కోపం వచ్చేది. ఆ చెయ్యి ఒక్కసారి లేస్తే చూడాలని మాత్రం ఎంతగానో అనిపించేది. ఇప్పటికీ ఆ గదిని తలుచుకుంటే నాకు కావాలనిపించేది తాత కుర్చీ కాదు, ఆ చాపలు, ఆ గొంతులు.

ఆదివారం ముగ్గురు వచ్చారు. జిల్లా కమిటీ అంటే ఇప్పుడు ఆ ముగ్గురే. కార్యదర్శి రిటైరైన లెక్చరరు. రెండో ఆమె బీడీ కార్మికురాలు, నా ఈడుది. మూడో ఆయన ధాన్యం మార్కెట్లో హమాలీగా చేసిన ముసలాయన. మా గడిలో పాలేరుగా జీతమున్నవాని కొడుకు. నా చిన్నప్పుడే బాపు నాతో ఆయన్ని చిన్నాన్న వరసలో కాకా అని పిలిపించాడు. దానికి నాయనమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు.

కాక గోడ పట్టుకుని కూర్చుంటూ, "చిన్న దొరసానీ, ఇంకా సాసర్ల పోసుకునే చాయేనా? గ్లాసులు కొనలేదా?" అన్నాడు.

"గ్లాసులున్నయి కాకా. నువ్వు వస్తున్నవని కప్పులు తీసిన."

"గట్లనే మాయచేసి మా దగ్గర పనులు చేయించుకున్నరు మీరు."

బీడీ కార్మికురాలు నవ్వి, "ముసలాయనా, చాయ్ తాగి తిట్టు. తిట్టి తాగితే చల్లారుతది" అంది.

కార్యదర్శి రాతప్రతి తీసి నాకిచ్చాడు. మా ఇంటి గురించి ఒక వాక్యం ఉంది. పార్టీకి తన ఇల్లు ఆఫీసుగా ఇచ్చిన సానుభూతిపరుడు అని. సానుభూతిపరుడు. ఊరేగింపు పోతుంటే అరుగు మీద నిలబడి చూసే మనిషిని అలా అంటారు. నేను కాగితం మడిచి బల్ల మీద పెట్టాను.

"ఆయన పార్టీ మనిషి" అన్నాను.

"నాకు తెలుసక్కా" అన్నాడు కార్యదర్శి. "గానీ మినిట్స్‌ల చివరిదాకా క్యాండిడేట్ అనే ఉంది. మేం సభ్యుల పేర్లే వేస్తున్నం." మిగతా ఇద్దరి వైపు చూసి, "ఇప్పుడు కమిటీ మొత్తం ఇక్కడే ఉంది. తీర్మానం చేసి పూర్తి సభ్యత్వం ఇద్దాం. చనిపోయినోళ్ళకు ఇయ్యొద్దని ఎక్కడా రాసిలేదు" అన్నాడు.

బీడీ కార్మికురాలు వెంటనే చెయ్యెత్తింది. కార్యదర్శి ఎత్తాడు. కాక కప్పు కింద పెట్టాడు, చెయ్యి మాత్రం ఎత్తలేదు.

నాకు ఒళ్ళు మండింది. "మా తాత చేసినదానికి మా బాపు మీద తీర్చుకుంటున్నవా?" అని అడిగాను. అడగకూడని మాట. మిగతా ఇద్దరి ముందు అడిగాను.

కాక కోపం తెచ్చుకోలేదు. "మీ తాత లెక్క వేరే ఉన్నది బిడ్డా, అది నేను మర్చిపోలే. గిది మీ బాపు లెక్క" అన్నాడు. "రెండోసారి చీలినప్పుడు ఇల్లు మావైపే ఉండాలని మావోళ్ళు నన్ను ఆయన దగ్గరికి పంపిన్రు. ఇయ్యాల్నే పూర్తి మెంబర్ చేస్తం, గడువు లేదు ఏం లేదు అని చెప్పమన్నరు. గీ గదిల్నే చెప్పిన. ఆయన ఏమన్నడో ఎరికేనా? నాకు ఒక్క రోజు తక్కువ చేసినా అది దొరకు ముట్టజెప్పిన నజరానా అయితది, ఇల్లు మీకే ఉంటది, రెండేండ్లంటే రెండేండ్లే అన్నడు. ఆఖరుకు దవాఖానల పండుకోని గూడ తారీఖు అడిగేటోడు."

ఇన్నేళ్ళూ పార్టీయే ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టిందని నేను అనుకున్నాను. ఆ కోపంతోనే వాళ్ళ ఆఫీసు ఖాళీ చేయించి, ముందు భాగం అమ్మాను. ఆ మాట వాళ్ళకు చెప్పలేదు.

"మరి నాతో ఎన్నడు చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు నన్ను ఎన్నడన్న అడిగినవా? తల దించి ఒకల్ని అడిగే ఇల్లా మీది?" అన్నాడు కాక. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆయనకు మెంబర్ కావాలని ఎంత ఉండెనో నేను చూసిన. నేను చెయ్యెత్తితే ఆయన మాట కొట్టేసినట్టయితది. ఎత్తకపోతే నా పానం ఒప్పుత లేదు. ఆయన బిడ్డవు నువ్వు. నువ్వు ఎత్తమంటే ఎత్తుత."

ముగ్గురూ నా వైపు చూశారు. నాకు కావలసింది చేతికందేంత దూరంలో ఉంది. ఒక్క మాట అంటే చాలు. బయట చెప్పుల దుకాణంలో ఎవరో నంబరు ఎనిమిది చూపించమని అడుగుతున్నారు.

"సానుభూతిపరుడు అన్న మాట కొట్టెయ్యండి" అన్నాను. "క్యాండిడేట్ సభ్యుడు అని రాయండి. మూడుసార్లు అని కూడా రాయండి."

నా మాట పూర్తికాకముందే కార్యదర్శి పెన్ను తీసి రాసుకున్నాడు. ఎత్తిన చేతులు దిగాయి. కాక చాయ్ తాగడం ముగించి, మినిట్స్ పుస్తకాల కట్ట తానే మోస్తానని పట్టుబట్టాడు. బీడీ కార్మికురాలు సగం లాక్కుంది.

పోయిన నెల పుస్తకం వచ్చింది. పల్చనిది, ఎర్ర అట్ట. బాపు గురించి మూడు పంక్తులున్నాయి. రాసినదంతా నిజమే, ఆయన ఒప్పుకునే మాటలే. నేను రోజూ ఒకసారి ఆ పేజీ తీస్తాను.

ఆ రోజు మెట్లు దిగుతున్నప్పుడు వాళ్ళలో ఎవరైనా వెనక్కి తిరిగి, నిజంగానే అట్ల రాయమంటవా అని ఇంకోసారి అడిగి ఉంటే నేనేమనేదాన్నో నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. మా ఇంటివాళ్ళు ఒకసారి అన్న మాట మార్చుకోరని వాళ్ళకు గట్టి నమ్మకం.