మామ్మగారి నాలుక సాక్ష్యం

మా పక్కింటి మామ్మగారు పోయారు. బుధవారం పొద్దున మేడ మీద తాండ్ర చాపకి ఆ రోజు పొర పోసి, కిందికి దిగి, మంచినీళ్ళడిగి, నేను తెచ్చేలోపే గోడకి ఆనుకుని వెళ్ళిపోయారు. తిరువూరు తాండ్ర తిన్న మీరు ఆవిడ పేరు ఎరగకపోయినా ఆవిడ చేతి రుచి ఎరుగుదురు.

చాప మీద మామిడి రసం పొయ్యడం నాకు నేర్పింది ఆవిడే. మందంగా పోస్తే మోచేతి మీద ఒక్కటి వేసేవారు. "ఎండని తాగనివ్వవే, నీకేం ముంచుకొచ్చింది?" అనేవారు. నోరు మహా చెడ్డది. నాలుక మాత్రం దేవుడిచ్చింది. కళ్ళు మూసుకుని ముక్క నోట్లో వేసుకుంటే రెడ్డిగూడెం కాయో, విస్సన్నపేట కాయో చెప్పేసేవారు. చేసిన మనిషి ఉందో పోయిందో కూడా చెప్పేవారు. నాకు ఒళ్ళు జలదరించేది. "భయమెందుకే పిచ్చిదానా! చేసిన చెయ్యి చల్లబడితే తాండ్రా చల్లబడుతుంది, అంతే" అనేవారు వక్క నములుతూ. కంట్రోలు చక్కెర కూడా దొరకని ఈ రోజుల్లో నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆవిడ చలవే.

కిందటేడు బెజవాడలో ఒక వ్యాపారి గుమ్మడి గుజ్జులో రంగు కలిపి, "తిరువూరు తాండ్ర" అని అమ్మడం మొదలెట్టాడు. ఊళ్ళో తాండ్ర చేసే మా తొమ్మిదిళ్ళ సరుకూ అడిగేవాళ్ళు లేక మూలపడింది. వకీలుగారి దగ్గరికి వెళ్ళాం. "ఊరి పేరుకి కాపలా కాసే చట్టం లేదమ్మా. కొనేవాళ్ళు మోసపోతున్నారని రుజువు చేస్తే మాత్రం ఆపించొచ్చు" అన్నారు. మాకున్న రుజువల్లా మామ్మగారి నాలుకే.

కోర్టులో అవతలి వకీలు మూడు ముక్కలు పెట్టాడు. మామ్మగారు మొదటిది తిని "రెడ్డిగూడెం కాయండి" అన్నారు. రెండోది "ఛీ, గుమ్మడి!" అందరూ నవ్వారు. మూడోది నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. బయట రోళ్ళు పగిలే ఎండ. ఆవిడ భుజాల చుట్టూ కొంగు కప్పుకున్నారు.

"ఇది మాదేనయ్యా. చేసిన మనిషి లేదు."

చేసినవాళ్ళ పేరు రాసి మేం పొట్లంలో పెట్టే చీటీ తీసి చదివితే మా అక్క పేరు. కిందటి వేసవిలో చేసింది, దీపావళికి ముందే పోయింది. నేను అక్కడే ఏడ్చేశాను. జడ్జిగారు "ఇలా చెప్పగలిగినవాళ్ళు ఇంకొకరు కావాలి. ఒక్కరి నాలుక మీద తీర్పివ్వలేను" అని వాయిదా వేశారు.

తిరుగు బస్సులో మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ రెండో మనిషివి నువ్వే."

"నా వల్లెక్కడవుతుందండీ?"

"వేళొస్తే అదే తెలుస్తుంది" అని కిటికీ వైపు తిరిగి కునికారు.

వాయిదా రేపు సోమవారం. నిన్న మధ్యాహ్నం వకీలుగారు పరామర్శకి వచ్చి, "ఇంక కేసు వదులుకోవడమేనమ్మా" అన్నారు. ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి, చాప తీద్దామని మామ్మగారి మేడెక్కాను. అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఆవిడ ఆఖరున పోసిన పొర ఎండి, అంచు లేచి ఉంది. చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

పళ్ళు జివ్వుమన్నాయి.

పిట్టగోడ మీంచి వంగి, కిందున్న వకీలుగారికి "సోమవారం నేనొస్తానండీ" అని కేకేశాను. ఆ మండుటెండలో, మాటతోపాటు నా నోట్లోంచి పుష్యమాసపు పొద్దుటిలా పొగ వచ్చింది.