గీరిందని చెప్పిన గాటు

2023, వానలు మొదలైన రోజులు. నరసరావుపేట పొలిమేరలో ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. లైబ్రేరియన్ అంటే పుస్తకమిచ్చి సంతకం పెట్టించుకునే మనిషని చాలామంది అభిప్రాయం. మా ఆయన అభిప్రాయమూ అదే. నిజానికి మా పనిలో సగం ఎదుటివాళ్ల మాట నమ్మకపోవడం. ఫలానా పత్రికలో ఉందంటారు, ఉండదు. చదివామంటారు, చదవరు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తే అనుమానం కళ్లజోడులా మొహానికి అతుక్కుపోతుంది.

ఆ ఏడు కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది. అధ్యాపకులంతా తలా ఒక పరిశోధన పత్రం చూపించాలని యాజమాన్యం హుకుం. దాంతో అందరికీ ఒక్కసారే జ్ఞానోదయమై నా లైబ్రరీ మీద పడ్డారు. వాళ్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కరీముల్లా ఒకడు. ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి పేటలోనే లారీ మెకానిక్కు. ఆ ఇంట్లో చేతికి గ్రీజు అంటకుండా జీతం తెచ్చిన మొదటి మనిషి ఇతనే.

అతను ఎంచుకున్న విషయం రేబిస్ టీకాల మీద వెలువడిన పరిశోధనల తీరుతెన్నులు. ఈ రకం పనిని బిబ్లియోమెట్రిక్స్ అంటారు. రోగినీ ముట్టుకోరు, కుక్కనీ ముట్టుకోరు. అచ్చయిన పత్రాలను పోగేసి ఏ ఏడాది ఎన్ని వచ్చాయి, ఏ దేశం నుంచి వచ్చాయి, ఏ అంశం చుట్టూ తిరిగాయి అని లెక్కగడతారు. సూది పట్టకుండా వైద్యశాస్త్రంలో పేరు తెచ్చుకునే ఉపాయమని నేనే వెక్కిరించాను.

తీరా వెతకడం మొదలుపెడితే నాకే ఆసక్తి పుట్టింది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పొడుస్తారని చిన్నప్పుడు భయపెట్టేవాళ్లు గదా, అవి జంతువుల మెదడు కణజాలంతో చేసిన పాత టీకాలు. వాటి వల్ల కలిగే బాధల మీద బోలెడు పత్రాలున్నాయి. తర్వాత ల్యాబులో పెంచిన కణాలతో చేసిన టీకాలొచ్చాయి. ఆ తర్వాత కండలోకి బదులు చర్మంలోకి కొద్ది మోతాదు ఎక్కిస్తే చాలునా అన్న పరీక్షలు. ఇటీవల ఆసుపత్రి చుట్టూ తిరిగే సార్లు తగ్గించడం మీద చర్చ. మొత్తానికి సూదులు తగ్గుతున్నాయి, పేపర్లు పెరుగుతున్నాయి.

ఒక సోమవారం కరీముల్లా వెతుకులాట దారి తప్పింది. అంతకుముందు టైపు చేసిన మాటలు మా కంప్యూటర్‌లో కనిపిస్తాయి. లెక్కలు కట్టేవాడు రేబిస్ టీకా అని కొట్టి సంవత్సరాలవారీగా విడగొట్టుకుంటాడు. ఇతను మాత్రం ‘సీరం లేకుండా టీకా’, ‘సీరం లేకుండా బతికినవారు’ అంటూ తిప్పి తిప్పి అదే కొడుతున్నాడు. సీరం అంటే ఇమ్యునోగ్లోబులిన్. టీకా పడ్డాక ఒంట్లో రక్షణ తయారవడానికి కొన్నాళ్లు పడుతుంది. అందాకా కాపలా కాయడానికి ఈ సిద్ధంగా ఉన్న రక్షణను నేరుగా గాయంలోకి, గాయం చుట్టూ ఎక్కిస్తారు. పళ్లు దిగి రక్తం వచ్చిన కాటుకి టీకాతో పాటు ఇదీ పడాలి.

నాకు అనుమానం వచ్చింది. తనకి నచ్చిన పత్రాలనే ఏరుకుని, సీరానికి కాలం చెల్లిందని సంచలనంగా రాసి తనిఖీవాళ్లను మెప్పించబోతున్నాడనుకున్నాను.

“ఏంది మాస్టారూ, కందిపప్పులో రాళ్లేరినట్టు ఏరుతున్నారు? రాళ్లు దాచుకుని పప్పు పారబోస్తున్నారా?” అన్నాను.

“అట్లాంటిదేం లేదు మేడమ్. ట్రెండ్ చూస్తున్నా.”

“ట్రెండ్ చూసేవాడు అన్నీ చూస్తాడు. ఇవన్నా పూర్తిగా చదివారా?”

“అబ్‌స్ట్రాక్ట్ చదివా.”

అబ్‌స్ట్రాక్ట్ అంటే పత్రం తలమీద ఉండే నాలుగు ముక్కల సారాంశం. పెళ్లికొడుకు గురించి మధ్యవర్తి చెప్పే మాటలాంటిది. అసలు సంగతులు లోపలుంటాయి. గాయం ఎలాంటిది, ఎంత లోతు, ఎప్పుడు కడిగారు, ఇవేవీ చూడకుండా సీరం అక్కర్లేదని ఎలా రాస్తారని నిలదీశాను. అతను నా మాట వింటున్నట్టే లేడు.

“పిక్కలోకి రెండు పళ్లు దిగితే, టీకా ఒక్కటే పడితే ఏమైంది... అట్లాంటి కేసు ఏదన్నా దొరుకుద్దా మేడమ్?” అన్నాడు.

మా వృత్తిలో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అని ఒకటుంది. పాఠకుడు మొదట అడిగేది అతనికి కావలసింది కాకపోవచ్చు, మెల్లగా మాట్లాడి అసలు ప్రశ్న రాబట్టాలి. ప్రపంచంలోని పేపర్లన్నీ లెక్కగట్టే మనిషికి ఒక పిక్కతో, రెండు పళ్లతో పనేంటి? అప్పుడు చూశాను. అతను బల్ల కింద ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు.

“ఎవరిది కుక్క?”

“కుక్కేంది మేడమ్?” అన్నాడు గానీ, చూపు కిటికీలోంచి కరస్పాండెంటు గారి బంగళా మీదికి పోయి చటుక్కున వెనక్కొచ్చింది. కాలేజీ ఆయనదే. చుట్టుపక్కల ఊళ్ల రాజకీయమంతా ఆయన వరండాలోనే నడుస్తుంది. ఆ వరండాకి కాపలా బ్రూనో అనే కుక్క.

“అక్కా, గట్టిగా అనబాకండి,” అన్నాడు. మేడమ్ కాస్తా అక్క అయ్యేసరికి నేను కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాను.

శుక్రవారం ఫైలు మీద సంతకానికి వెళ్తే గేటు దగ్గర పిక్క పట్టుకుందట.

“మరి టీకా వేసేవాళ్లకి ఏం చెప్పావు?”

“వీధికుక్క గీరిందని. చీలమండ దగ్గర చిన్న గీరుంటే అది చూపించా, పిక్క చూపించలా. కరిచిందంటే ఎవరిదని అడుగుతారు, రాస్తారు. తనిఖీ ముందు సార్ కుక్క మీద కంప్లైంటంటే నా ఉద్యోగం ఉంటదా అక్కా?”

రక్తం రాని గీరని చెప్పాడు గనక వాళ్లు దానికి తగ్గట్టే టీకా ఒక్కటే వేశారు. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో చదివాక భయం పట్టుకుంది. అప్పటినుంచి సీరం లేకుండా బతికినవాడి కోసం నా లైబ్రరీలో గాలిస్తున్నాడు.

“ఉద్యోగం ఉండాలంటే ముందు నువ్వుండాలి గదయ్యా! మొదటి టీకా పడిన వారంలోపే సీరం వేయాలి. నువ్వు ముందరేసుకున్న పేపర్లోనే ఉందది. లే.”

“బ్రూనోకి టీకాలేయించారంట అక్కా.”

“ఎవరు చెప్పారు?”

“వాచ్‌మన్.”

“అదీ అబ్‌స్ట్రాక్టే. పద.”

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ప్యాంటు పైకి మడిపించి, పిక్క మీది గాట్లు చూసి, “గీరుడంటే ఇట్లా ఉంటదా?” అంది. కుక్క ఎవరిదని అడిగితే కరీముల్లా ప్యాంటు కిందికి దించబోయాడు. నేను చెప్పాను, ఇంటిపేరుతో సహా.

“తెలిసిన కుక్కే గదా, పది రోజులు కనిపెట్టండి. జబ్బు చేసినా, చచ్చినా వెంటనే చెప్పండి. టీకాలు మాత్రం ఆపొద్దు,” అని సీరం తెప్పించింది. గాయంలోకి సూది దిగుతుంటే అతను నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి గాజు చిట్లింది.

మర్నాడు కరస్పాండెంటు గారు నన్ను పిలిపించారు. “ఏమ్మా, మా కుక్కని ఆసుపత్రి రికార్డుకెక్కించావంట. నీ వెనకాల ఎవరున్నారు?” అన్నారు. మా వైపు అంతే. తుమ్మినా ఏ పార్టీవాడు తుమ్మమన్నాడని అడుగుతారు.

“బ్రూనో ఉన్నాడండీ,” అన్నాను. “టీకా కార్డుంటే ఇవ్వండి, ఆసుపత్రిలో నేనే చూపించొస్తా.”

కార్డు రాలేదు. సాయంత్రానికి పశువుల డాక్టరు మాత్రం బంగళాకి వచ్చాడు, బ్రూనో మెడకి గొలుసు వచ్చింది. కరీముల్లా ఉద్యోగం పోలేదు. తనిఖీ ముందర చేతిలో పేపరున్న మనిషిని వదులుకునేంత అమాయకులు కారు మా యాజమాన్యంవాళ్లు.

పది రోజులైనా కుక్క నిక్షేపంగా ఉంది. “అనవసరంగా పొడిపించావక్కా, దానికేం రోగం లేదు,” అన్నాడు కరీముల్లా.

“అది ఇప్పుడు తెలిసింది గదా. బతికుండి తిడుతున్నావు, తిట్టు.”

అతని పత్రం అచ్చయింది. అందులో గ్రాఫు గీత ఏటికేడు పైకే పోతుంది. సీరం అక్కర్లేదన్న మాట ఎక్కడా లేదు, నేను పూర్తిగా చదివాను.

భయపడ్డవాడు కూడా దొంగలాగే వెతుకుతాడని ఆ సోమవారం దాకా నాకు తెలియదు. ఇప్పుడు ఎవరైనా ఒకే మాట మళ్లీ మళ్లీ వెతుకుతుంటే పోట్లాటకి దిగేముందు పక్కన కుర్చీ లాక్కుని, “ఎవరి కోసం?” అని అడుగుతాను. చాలామంది “ఊరికే మేడమ్” అంటారు. కుర్చీలోంచి మాత్రం లేవను.